పూత మీద గుత్త: మంచు కొండల సీజన్ పాసు కథ

మామిడి తోటను పూత మీదుండగానే గుత్తకు తీసుకునే వ్యాపారి కొనేది కాయలను కాదు, రాబోయే మూడు నెలల వాతావరణాన్ని. పూత నిలిస్తే పెట్టిన సొమ్ముకు రెండింతలు చేతికొస్తుంది. గాలివానకు పిందె రాలితే అసలుకే మోసం. రైతు మాత్రం గుత్త సొమ్ము ముందే అందుకుని నిశ్చింతగా ఉంటాడు. నష్టభయం చేతులు మారింది గనుకనే తోట చవకగా దొరుకుతుంది.

అమెరికాలో మంచు కొండల మీద స్కీయింగ్ చేసేవారు ఏటా కొనే సీజన్ పాసు కూడా ఇలాంటి గుత్తే. డిసెంబరులో కురవబోయే మంచుకు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే డబ్బు కట్టించుకుంటారు. తొందరగా కొన్నవారికి తక్కువ ధర, ఆలస్యం చేసినకొద్దీ ఎక్కువ ధర, డిసెంబరులో కొన్నాళ్ళు గడిచాక పెద్ద పాసుల అమ్మకమే ఉండదు. మంచు పడినా పడకపోయినా, కాలు విరిగినా, ఆఫీసులో సెలవు దొరకకపోయినా సొమ్ము మాత్రం కొండ మీద కంపెనీకి చేరిపోయింది. మామిడి వ్యాపారికి ఉన్న ఒక్క వెసులుబాటు కూడా ఇక్కడ లేదు. అతడు మిగిలిన కాయలను మరొకరికి అమ్ముకోగలడు. పాసు మీద కొన్నవాడి బొమ్మ ఉంటుంది, దాన్ని వేరొకరికి ఇవ్వడానికి వీల్లేదు.

డెన్వరు, సాల్ట్ లేక్ సిటీ, సియాటిల్ ప్రాంతాల్లోనూ, కాలిఫోర్నియాలో టాహో సరస్సుకు నాలుగు గంటల దూరంలోనూ స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో చలికాలం వచ్చేసరికి ఒక చర్చ తప్పదు: "పాసు కొంటే గిట్టుబాటవుతుందా?" దీనికి అందరూ చెప్పే సమాధానం ఒక్కటే. పాసు ధరను రోజు టిక్కెట్టు ధరతో భాగించు, వచ్చిన అంకె కన్నా ఎక్కువ రోజులు వెళ్ళగలిగితే కొను. లెక్క ఒప్పే. కానీ ఆ భాగహారంలో పైనున్న అంకె ఎలా పుట్టింది, కిందున్న అంకెను ఎవరు నిర్ణయించారు అన్నది తెలియకపోతే వచ్చిన జవాబుకు అర్థం తెలియదు. ఆ రెండు అంకెల చరిత్రే ఈ వ్యాసం.

*

మొదట్లో టిక్కెట్టే లేదు. కొండెక్కడం ఎవరి కాళ్ళ పని వారిది. ఒక గంట ఎక్కి అయిదు నిమిషాలు జారేవారు. 1934 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రంలోని ఉడ్‌స్టాక్ వద్ద ఒక పశువుల బీడు మీద, ఫోర్డు మోటారుతో తిరిగే పొడవాటి తాడును అమర్చారు. ఆ తాడును పట్టుకుంటే పైకి లాక్కుపోయేది. అమెరికాలో స్కీయింగ్ కోసం ఏర్పాటైన తొలి తాడు లిఫ్టు అదే. మోటారుకు పెట్రోలు కావాలి, తాడుకు మరమ్మతు కావాలి, దగ్గర ఒక మనిషి ఉండాలి. అందుకని టిక్కెట్టు పుట్టింది. ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి: స్కీయింగ్‌లో మనం డబ్బిచ్చి కొంటున్నది మంచును కాదు, కొండనూ కాదు, పైకి తీసుకుపోయే యంత్రం మీద చోటును.

మూడేళ్ళు తిరక్కుండానే, 1936 డిసెంబరులో, యూనియన్ పసిఫిక్ రైల్వే సంస్థ ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే విడిదిని తెరిచింది. దాని అధ్యక్షుడు ఆవెరెల్ హారిమన్ ఉద్దేశం పడమటికి పోయే రైళ్ళకు ప్రయాణికులను సంపాదించడం. ఆ సంస్థలో ఇంజనీరైన జేమ్స్ కరన్ అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలను కొక్కేలకు తగిలించి ఎక్కించే యంత్రాన్ని ఎరిగినవాడు. గెల స్థానంలో కుర్చీ తగిలిస్తే మనిషి ఎక్కడా అని ఆలోచించాడు. ప్రపంచంలో మొట్టమొదటి కుర్చీ లిఫ్టు అలా పుట్టింది.

కుర్చీ లిఫ్టుతో వ్యాపార స్వరూపమే మారిపోయింది. స్తంభాలు, ఉక్కు తాళ్ళు, మోటార్లు, వాటిని నడిపే సిబ్బంది, కొండ మీద గాయపడినవారిని దించే గస్తీ దళం, ఈ ఖర్చంతా ముందే పెట్టాలి. కుర్చీలో మనిషి ఉన్నా ఖాళీగా ఉన్నా ఆ ఖర్చు దాదాపు ఒక్కటే. పదివేలమంది వచ్చిన రోజుకూ, రెండువందలమంది వచ్చిన రోజుకూ ఆదాయంలో ఉన్నంత తేడా ఖర్చులో ఉండదు. ఖాళీగా పైకి పోయిన కుర్చీ బస్సులో ఖాళీ సీటు వంటిది, మళ్ళీ అమ్మడానికి దొరకదు. సీజన్ పాసు తర్కమంతా ఈ ఖాళీ కుర్చీలోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 10వ పర్వత దళాన్ని కొలరాడోలోని క్యాంప్ హేల్‌లో తర్ఫీదు చేసింది. యుద్ధం ముగిశాక ఆ సైనికుల్లో చాలామంది స్కీ విడిదుల స్థాపకులయ్యారు. వారిలో పీట్ సైబర్ట్ ఒకడు. అతడు మిత్రులతో కలిసి 1962 డిసెంబరులో వెయిల్‌ను తెరిచినప్పుడు రోజు టిక్కెట్టు 5 డాలర్లు. ఈ 5 అనే అంకెను కూడా గుర్తుంచుకోండి.

*

సీజన్ టిక్కెట్టు అన్న మాట మనకు కొత్తది కాదు. బ్రిటిషు రైల్వేలలో 1830లలోనే మొదలైన పద్ధతి అది. మన దేశంలో లోకల్ రైళ్ళ మీద ఉద్యోగాలకు పోయే లక్షలమంది జేబుల్లో అదే ఉంటుంది. కానీ రైలు సీజన్ టిక్కెట్టుకూ మంచు కొండ పాసుకూ ఒక మౌలికమైన భేదముంది. ఉద్యోగి నెలకు ఎన్ని రోజులు రైలెక్కాలో అతడి యజమాని నిర్ణయిస్తాడు, కాబట్టి గిట్టుబాటు లెక్క నిక్కచ్చిగా తేలుతుంది. స్కీయింగ్ చేసేవాడు ఎన్ని రోజులు వెళతాడో అతడి ఉత్సాహం, కుటుంబం, వాతావరణం, దారిలో ట్రాఫిక్ కలిసి నిర్ణయిస్తాయి. మార్చిలో పాసు కొనేటప్పటికి ఆ అంకె ఎవరికీ తెలియదు. తెలియని అంకె మీద వేసే లెక్కలో ఆశ చొరబడకుండా ఉండదు.

ఈ పాసుల చరిత్రలో ఆసక్తికరమైన ఘట్టం ఒకటి న్యాయస్థానంలో జరిగింది. కొలరాడోలోని ఆస్పెన్ చుట్టూ నాలుగు స్కీ కొండలున్నాయి. 1962లో, అప్పటికి మూడు కొండలే ఉండి మూడూ వేర్వేరు యజమానుల చేతుల్లో ఉన్నప్పుడు, వారంతా కలిసి ఆరు రోజుల ఉమ్మడి కూపన్ల పుస్తకం ఒకటి అమ్మడం మొదలుపెట్టారు. యాత్రికుడు ఏ రోజు ఏ కొండకు పోవాలనిపిస్తే ఆ కొండకు పోవచ్చు. వచ్చిన సొమ్మును ఏ కొండను ఎంతమంది ఎక్కారన్న లెక్కన పంచుకునేవారు. కాలక్రమాన నాలుగింటిలో మూడు కొండలు ఆస్పెన్ స్కీయింగ్ కంపెనీ కిందికి వచ్చాయి. నాలుగోది, హైలాండ్స్, ఒక్కటీ విప్ జోన్స్ చేతిలో విడిగా మిగిలింది.

అప్పటినుంచి పెద్ద కంపెనీకి పంపకం నచ్చలేదు. వాడకాన్ని బట్టి హైలాండ్స్ వాటా 1974-75లో 18.5 శాతం వచ్చింది, 1976-77లో 13.2 శాతానికి తగ్గింది. 1977-78కి 15 శాతమని ఖాయం చేసుకున్నారు. ఆ మరుసటి ఏడు, ఎంతమంది ఎక్కినా సరే 12.5 శాతమే ఇస్తామని పెద్ద కంపెనీ పట్టుబట్టింది. జోన్స్ కంపెనీ ఒప్పుకోలేదు. ఉమ్మడి టిక్కెట్టు ఆగిపోయింది. హైలాండ్స్ తనంతట తానే ఒక మూట కట్టింది. అందులో మూడు రోజులు తన కొండ, మిగిలిన మూడు రోజులకు ఎదుటివారి కొండల మీద చెల్లే చీటీలు. చీటీకి పూర్తి ధర చెల్లిస్తామన్నా పెద్ద కంపెనీ పుచ్చుకోలేదు. నాలుగేళ్ళలో ఆస్పెన్ యాత్రికుల్లో హైలాండ్స్ భాగం 20.5 శాతం నుంచి 11 శాతానికి పడిపోయింది.

వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985 జూన్‌లో కోర్టు తీర్పుచెప్పిన న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా హైలాండ్స్ పక్షాన నిలిచారు. జ్యూరీ నిర్ణయించిన 25 లక్షల డాలర్ల నష్టపరిహారం గుత్తాధిపత్య నిరోధక చట్టం ప్రకారం మూడింతలై 75 లక్షలైంది. తనకు లాభం తెచ్చే అమ్మకాన్ని కూడా వదులుకుని, తన ఖాతాదారులకే ఇబ్బంది కలిగిస్తూ పోటీదారుడిని దెబ్బతీయడం న్యాయమైన వ్యాపారం కాదన్నది ఆ తీర్పులోని సారాంశం. అమెరికా న్యాయ కళాశాలల్లో ఈ కేసును ఇప్పటికీ చదువుకుంటారు. వాళ్ళు దాన్ని గుత్తాధిపత్యం గురించిన పాఠంగా చదువుతారు. మనం మరో విధంగా చదువుకోవచ్చు: యాత్రికుడికి పాసులో అసలు విలువ చవకదనం ఒక్కటే కాదు, ఎంచుకునే స్వేచ్ఛ కూడా. ఆ స్వేచ్ఛ పోయిన నాడు నాలుగో కొండ ఎంత మంచిదైనా జనం పోలేదు. 1993లో ఆ నాలుగో కొండ కూడా అదే పెద్ద కంపెనీ చేతికి రావడం కథకు ముగింపు.

*

ఇక ధరల సంగతి. 1990ల చివరిదాకా సీజన్ పాసు అంటే కొండ కింద కాపురముండేవారికీ, స్కీయింగే లోకంగా బతికేవారికీ తప్ప మిగిలినవారికి అక్కరలేని వస్తువు. ముప్ఫై రోజులు వెళ్ళేవాడికే గిట్టేది. ఈ పద్ధతిని తలకిందులు చేసింది ఏ పెద్ద కంపెనీయో కాదు. ఐడహో రాజధాని బోయిసీ పక్కనున్న బోగస్ బేసిన్ అనే, లాభాపేక్ష లేని సంస్థ నడిపే ఒక ఊరి కొండ. 1998లో వారు 500 డాలర్లకు అటూఇటూగా ఉన్న పాసును ఒక్కసారిగా 199 డాలర్లకు దించారు. అంతకుముందు కొన్ని వేలల్లో ఉన్న పాసుదారులు ఆ ఏడాది ఇరవై వేలు దాటారు. ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్ళేవాడు కూడా "పోనీ, ఇంతేగా" అని కొన్నాడు. చలికాలం రాకముందే సంస్థ పెట్టె నిండింది. ఖాళీ కుర్చీలు నిండాయి.

అదే ఏడాది కొలరాడోలో వింటర్ పార్క్ నలుగురు కలిసి కొంటే తలకు 200 డాలర్ల చొప్పున పాసు ప్రకటించింది. పక్క కొండలవారు చూస్తూ ఊరుకోలేక తామూ దించారు. డెన్వరు నగరవాసికి ఆ దశాబ్దం స్వర్ణయుగమనే చెప్పాలి. పోటీ వల్ల ధర తగ్గిందేగాని రోజు టిక్కెట్టు ఇంకా మరీ కొండెక్కి కూర్చోలేదు.

2008 మార్చిలో మలుపు వచ్చింది. వెయిల్ రిసార్ట్స్ సంస్థ, రాబ్ కాట్జ్ నాయకత్వంలో, ఎపిక్ పాసును ప్రవేశపెట్టింది. ధర 579 డాలర్లు. వెయిల్, బీవర్ క్రీక్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, హెవెన్లీ వంటి కొండల మీద ఎన్ని రోజులైనా, పండుగ రోజుల నిషేధం లేకుండా వెళ్ళవచ్చు. అంతకుముందు ఇంత స్వేచ్ఛ ఉన్న పాసు వెయ్యి డాలర్లకు పైమాటే. ఊరి కొండ కనిపెట్టిన ఉపాయం ఇప్పుడు దేశవ్యాప్త సంస్థ చేతిలో ఆయుధమైంది. ముందే చేతికొచ్చిన సొమ్ము వల్ల మంచు పడని ఏడాది కూడా ఆ సంస్థ తట్టుకోగలదు. ఆ ధైర్యంతో కొత్త కొండలు కొనగలదు, కొన్న ప్రతి కొండా పాసుకు కొత్త ఆకర్షణ అవుతుంది. 2014లో యూటాలోని పార్క్ సిటీ, 2016లో కెనడాలోని విస్లర్ బ్లాక్‌కోంబ్ అలా వచ్చి చేరాయి.

దీనికి ప్రతిగా 2018లో ఆల్టెరా సంస్థ ఐకాన్ పాసును తెచ్చింది. మొదటి ధర 899 డాలర్లు, కొన్ని పరిమితులతో 599. ఆల్టెరా స్థాపకుల్లో ఒకరు ఆస్పెన్ స్కీయింగ్ కంపెనీ యజమానులైన క్రౌన్ కుటుంబపు సంస్థ కావడం విశేషం. ఒకప్పుడు నాలుగో కొండతో టిక్కెట్టు పంచుకోవడానికి ఒప్పుకోని పేరే ఇప్పుడు పదుల కొండల ఉమ్మడి పాసు వెనక నిలిచింది! 2019లో చిన్న చిన్న స్వతంత్ర కొండలను కూడగట్టి, ఒక్కొక్క చోట రెండేసి రోజులతో ఇండీ పాసు 199 డాలర్లకు మొదలైంది. అట్లాంటిక్ అవతల కూడా ఇదే గాలి వీచింది. 2016లో స్విట్జర్లాండులోని సాస్ ఫే, 99,999 మంది ముందుకొస్తే 222 ఫ్రాంకులకే సీజన్ పాసు ఇస్తామంది. అంతమంది చేరకపోయినా మాట నిలబెట్టుకుంది. మరుసటి ఏడు పశ్చిమ స్విట్జర్లాండు కొండలు కలిసి మ్యాజిక్ పాసును తెచ్చాయి.

*

ఇప్పుడు మొదట చెప్పిన భాగహారానికి వద్దాం.

2008-09లో ఎపిక్ పాసు 579 డాలర్లు, వెయిల్‌లో రద్దీ రోజుల టిక్కెట్టు వందకు కాస్త తక్కువ. అంటే ఆరు రోజులు వెళితే పాసు గిట్టుబాటు. 2024-25లో పాసు తొలి ధర 982 డాలర్లు. రద్దీ రోజున వెయిల్ టిక్కెట్టు 329. అంటే మూడు రోజులకే గిట్టుబాటు. పైకి చూస్తే పాసు విలువ రెండింతలైనట్టే. ప్రకటనల్లో చెప్పేదీ అదే.

కాస్త నిదానించి చూడండి. ద్రవ్యోల్బణం లెక్కన 2008 నాటి 579 డాలర్లు 2024లో దాదాపు 840కి సమానం. కాబట్టి పాసు చవకవ్వలేదు, నిజ విలువలో కొంత పెరిగింది. అదే లెక్కన రోజు టిక్కెట్టు 140 ప్రాంతంలో ఉండాలి. 329 అయింది. ఆరు రోజుల గిట్టుబాటు మూడు రోజులు కావడానికి కారణం పైనున్న అంకె తగ్గడం కాదు, కిందున్న అంకెను పెంచుతూ పోవడం. 1962 నాటి 5 డాలర్ల టిక్కెట్టు అమ్మకానికి పెట్టిన వస్తువు. 2024-25 నాటి 329 డాలర్ల టిక్కెట్టు చాలావరకు బెదిరింపు బోర్డు. "పాసు కొనకుండా వచ్చావో, ఇదీ నీ గతి" అని చెప్పడానికే అది అక్కడ వేలాడింది.

ఈ బెదిరింపు ఎవరి మీద పడుతుందో చూడండి. ఏడాదికి ముప్ఫై రోజులు వెళ్ళేవాడు ఎలాగూ పాసు కొంటాడు, 2024-25 ధరలో అతడికి రోజుకు ముప్ఫై నాలుగు డాలర్లు కూడా పడలేదు. ఎప్పుడో ఒకసారి, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడో, పిల్లలు మారాం చేసినప్పుడో మంచు చూపిద్దామని బయల్దేరిన కుటుంబం కిటికీ దగ్గర పూర్తి ధర చెల్లిస్తుంది. 2024-25లో రద్దీ రోజున భార్యాభర్తలిద్దరికే 658 డాలర్లు పడింది. బాగా వచ్చినవాడి చవకదనానికి కొత్తగా నేర్చుకునేవాడి జేబు సాయపడుతున్నదన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఇంత ధర పెట్టి మొదటిరోజు పదిసార్లు కిందపడిన మనిషి రెండోసారి రాడు. తాడు పట్టుకుని బీడు మీద మొదలైన ఆట క్రమంగా ముందే తెలిసినవారి ఆటగా మారుతోంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఇదే.

*

సొమ్ము ముందే చెల్లించాక మనసు ఏ విధంగా ప్రవర్తిస్తుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. నూరు డాలర్లు పెట్టి మిషిగన్‌కు ఒక స్కీ యాత్ర టిక్కెట్టు, యాభై పెట్టి విస్కాన్సిన్‌కు ఇంకొకటి కొన్నారు. విస్కాన్సిన్‌లోనే ఎక్కువ సరదాగా ఉంటుందని మీకు తెలుసు. రెండూ ఒకే వారాంతంలో పడ్డాయి, ఏదీ వాపసు ఇవ్వరు. ఏది ఎంచుకుంటారు? సగానికి పైగా మిషిగన్‌నే ఎంచుకున్నారు. తక్కువ సరదాను ఎంచుకున్నారు, ఎక్కువ డబ్బు పెట్టారు గనుక! పోయిన సొమ్ము ఎటు వెళ్ళినా తిరిగి రాదు. అయినా మనసు దాన్ని రాబట్టాలని చూస్తుంది. పెళ్ళివిందులో ఆకలి తీరాక కూడా చదివింపుల లెక్క కోసం తినేవాడి తంతు ఇది.

అదే పరిశోధనలో నాటకశాల సీజన్ టిక్కెట్లు కొన్నవారిని కూడా గమనించారు. పూర్తి ధర పెట్టినవారు, రాయితీ దొరికినవారి కన్నా ఎక్కువ నాటకాలకు వచ్చారు. కానీ మొదటి సగం సీజన్‌లోనే. తరువాతి సగానికి ఆ తేడా మాసిపోయింది. 2001లో దిలీప్ సోమన్, జాన్ గూర్‌విల్ ఇంకో కోణం చూపారు. నాలుగు రోజులకు నాలుగు విడి టిక్కెట్లున్నవారి కన్నా, నాలుగు రోజులకూ కలిపి ఒకే టిక్కెట్టున్నవారు చివరి రోజును వదులుకోవడానికి తేలిగ్గా సిద్ధపడతారు. గుత్తలో ఒక్కొక్క రోజు వెల ఎంతో కంటికి కనబడదు గనుక.

2006లో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ వ్యాయామశాలల సభ్యులను పరిశీలించి మరీ సూటి అయిన సంగతి చెప్పారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవారు నెలకు సగటున నాలుగైదు సార్లే వెళుతున్నారు. అంటే వెళ్ళిన ప్రతిసారికీ 17 డాలర్లకు పైగా పడుతోంది. అక్కడే పదిసార్ల టిక్కెట్టు కొంటే ఒక్కోసారికి 10 డాలర్లే. మనం రేపటి మనల్ని మనకన్నా చురుకైనవాళ్ళుగా ఊహించుకుంటాం. మార్చిలో పాసు కొనేవాడు పదిహేను రోజుల మనిషి, జనవరిలో తెల్లవారుజామున అయిదింటికి లేవవలసినవాడు అయిదు రోజుల మనిషి. కంపెనీల లెక్క ఈ ఇద్దరి మధ్యనున్న ఎడం మీదే నడుస్తుంది. 2010లో ఎపిక్‌మిక్స్ వచ్చి ఎవరు ఎన్ని అడుగుల ఎత్తు జారారో కూడా లెక్కగట్టి పతకాలివ్వడం మొదలయ్యాక, గిట్టుబాటు కాస్తా ఆట పుస్తకంలో పద్దు అయిపోయింది.

*

పూత మీద గుత్తకు గాలివాన తప్పదు. 2020 మార్చి 14న, కరోనా కారణంగా, రెండు పెద్ద సంస్థలూ కొండలన్నీ మూసివేస్తున్నట్టు ప్రకటించాయి. వసంతంలోని మంచి రోజులన్నీ పోయాయి. ఆందోళన చెలరేగాక వెయిల్ సంస్థ మరుసటి ఏడాది పాసు మీద కనీసం 20 శాతం, వాడకాన్ని బట్టి 80 శాతం దాకా తగ్గింపు ఇచ్చింది. పాసుతోపాటు భీమా కూడా కలిపి ఇవ్వడం అప్పుడు మొదలైంది. నష్టభయం మొత్తాన్నీ కొనుగోలుదారు మీదికే నెట్టడం కుదరదని కంపెనీకి తెలిసిన సందర్భమది.

2021లో అదే సంస్థ పాసుల ధర 20 శాతం తగ్గించింది. అన్ని రకాలూ కలిపి దాదాపు 21 లక్షల పాసులు అమ్ముడుపోయాయి. ఆ చలికాలం సిబ్బంది చాలక, లిఫ్టులు తెరుచుకోక, బారులు పెరిగి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ కొండ మీద వేలమంది ఫిర్యాదు పత్రం మీద సంతకాలు పెట్టారు. దానికి ముందే, 2019లో, రద్దీ భరించలేక అరాపహో బేసిన్ అనే కొలరాడో కొండ ఎపిక్ పాసు నుంచి బయటికి వచ్చేసి, రోజుకు ఇంతమందే అని హద్దు పెట్టుకుంది. పాసు చవక కావడం వల్ల కొండ పెద్దది కాదు కదా! 2024 డిసెంబరు 27 నుంచి 2025 జనవరి 8 దాకా పార్క్ సిటీలో గస్తీ దళం జీతాల కోసం సమ్మె చేసింది. పండుగ వారంలో చాలా భాగం లిఫ్టులు మూతపడ్డాయి. వేల డాలర్లు పోసి వచ్చిన యాత్రికులు మంచులో బారులు తీరి నిలబడ్డారు. పాసు లెక్కలో ఎన్నడూ కనబడని అంకె ఒకటి, గాయపడినవాడిని కిందికి దించే మనిషి గంట కూలి, ఆ పదమూడు రోజులూ అందరికీ కనబడింది.

*

ఇంత చరిత్ర నుంచి గిట్టుబాటు గురించి మనం తీసుకోదగిన నీతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, భాగహారం చేసేటప్పుడు కింద కిటికీ ధర పెట్టకండి. ఆ ధరకు మీరు ఎలాగూ కొనరు. ముందుగా కొనే రోజుల పాసు ధరో, దగ్గర్లోని చిన్న కొండ టిక్కెట్టు ధరో పెట్టండి. గిట్టుబాటు రోజులు మూడు నుంచి ఆరో ఎనిమిదో అవుతాయి. అదే సరైన అంకె.

రెండవది, రాబోయే చలికాలంలో ఎన్ని రోజులు వెళతారో ఊహించకండి. గడిచిన చలికాలంలో ఎన్ని రోజులు వెళ్ళారో లెక్కపెట్టండి. ఊహ కంపెనీ పక్షం, లెక్క మన పక్షం.

మూడవది, పాసు లోపల లేనివాటిని కలపండి. పరికరాల అద్దె, పార్కింగు, పెట్రోలు, కొండ మీద పదిహేను ఇరవై డాలర్ల ఫలహారం. రోజు వెల పాసుతో అయిపోదు.

నాలుగవది, పాసు నిజంగా ఇచ్చే గొప్ప లాభం ఒకటుంది, దాన్ని వదులుకోకండి. రోజు టిక్కెట్టు కొన్నవాడు తెల్లవారి నుంచి సాయంత్రం దాకా, మోకాళ్ళు వణుకుతున్నా దిగడు. చాలా దెబ్బలు అలసిన మధ్యాహ్నమే తగులుతాయి. పాసున్నవాడు రెండు గంటలు జారి, మంచు బాగోలేదనిపిస్తే ఇంటికి పోవచ్చు. వారం మధ్యలో, సీజన్ మొదట్లో, ఏప్రిల్ ఎండలో జనం లేని వేళ వెళ్ళవచ్చు. పాసు రాబట్టవలసిన అప్పు కాదు. మానుకునే హక్కు కూడా దాని విలువలో భాగమే.

అయిదవది, పిల్లలతో కొత్తగా మొదలుపెట్టేవారికి పెద్ద పాసులు అవసరమే లేదు. చాలా కొండలు పాఠం, పరికరాలు, చిన్న లిఫ్టు కలిపి నేర్చుకునేవారికి తక్కువకు ఇస్తాయి. కొలరాడోలో చిన్న తరగతుల పిల్లలకు అనేక కొండల మీద కొన్ని రోజులు ఎక్కే పాసులు ఉన్నాయి. ఊరి కొండలు, స్వతంత్ర కొండలు ఇంకా బతికే ఉన్నాయి. చవక పాసును కనిపెట్టింది అలాంటి కొండే గనుక, మన మొదటి టిక్కెట్టు వాటికి దక్కడం న్యాయం కూడా.

2025-26కి ఎపిక్ పాసు తొలి ధర 1,051 డాలర్లు. వెయ్యి దాటింది. 2025 మేలో రాబ్ కాట్జ్ మళ్ళీ ఆ సంస్థ పగ్గాలు చేపట్టాడు. గుత్త ధరలు ముందు ముందు ఎటు పోతాయో వారి లెక్కలు వారివి. మామిడి వ్యాపారి తోట గుత్తకు తీసుకునే ముందు పూతను చూడడంతో సరిపెట్టుకోడు. నేలను చూస్తాడు, నీటిని చూస్తాడు, నిరుటి కాపును అడిగి తెలుసుకుంటాడు. మనవాళ్ళు మంచు కొండను గుత్తకు తీసుకునేటప్పుడు కూడా ఆపాటి జాగ్రత్త పడితే చాలు. ఆ తరువాత కొండ మీద ఉన్నంతసేపూ లెక్కలు మాని, కళ్ళు కొండ మీదే పెట్టండి.

మీ ప్రాంతపు కొండల సంగతులు, మీ లెక్కలు తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.